నివేదన నుండి పంపకం దాకా: ఇంటి పూజలో ప్రసాదం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వ్రతమో నోమో పట్టినప్పుడు పూజా విధానం పుస్తకం చూసి చేసుకోగలుగుతాము. నైవేద్యం గిన్నె దేవుని ముందు నుండి లేచిన తరువాత ఏం చేయాలి, ఎవరికి ఎలా ఇవ్వాలి, మిగిలినది ఏమి చేయాలి అన్న సంగతులు మాత్రం ఆ పుస్తకాలలో అంతగా కనబడవు. ఒకప్పుడు ఇవన్నీ అమ్మమ్మలూ నాయనమ్మలూ వంటింట్లోనే చెప్పేవారు. కొత్తగా కాపురం పెట్టిన పిల్లలూ, ఊరికి దూరంగా ఉన్న బంధువులూ పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఆచారం ఇంటింటికీ మారుతుంది కనుక, మీ పెద్దల మాట ఇక్కడి మాటతో కలవకపోతే మీ ఇంటి పద్ధతినే పాటించండి. ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరికలను మాత్రం ఏ ఇంటివారైనా పాటించవలసిందే.

నైవేద్యం, ప్రసాదం ఒకటేనా?

గిన్నెలోని పదార్థం ఒకటే, దశలు రెండు. నివేదించడం అంటే విన్నవించుకోవడం. "స్వామీ, ఇది నీ కోసం వండినది" అని విన్నవించుకుంటూ ముందు పెట్టేది నైవేద్యం. ప్రసాదం అనే మాటకు తేటదనం, ప్రసన్నత అని అర్థాలున్నాయి. ప్రసన్నుడైనవాడు చూపే అనుగ్రహం కూడా ప్రసాదమే. "ప్రసాదం పొయ్యి మీద ఉంది" అని మనం వాడుకగా అంటాము గాని, నివేదన జరిగే వరకు అది నైవేద్యమే.

ఈ తేడా మాటలతో ఆగిపోయేది కాదు. నైవేద్యంగా ఉన్నంతసేపు అది మనం పెడుతున్నది. ప్రసాదమైన తరువాత అది మన సొత్తు కాదు. పంచమని మన చేతికి తిరిగి ఇచ్చినది. ఈ కింది జవాబులలో చాలా భాగం ఈ ఒక్క సంగతి నుండే వస్తాయి.

పెట్టినది పెట్టినట్టే ఉంటుంది కదా, దేవుడు నిజంగా తింటాడా?

పిల్లలు ఈ ప్రశ్న అడిగినప్పుడు కసురుకోకండి. పెద్దలకు కూడా వచ్చే ప్రశ్నే ఇది. భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకంలో ఆకునో, పువ్వునో, పండునో, నీటినో భక్తితో ఇచ్చినవాడి కానుకను "అశ్నామి", అంటే ఆరగిస్తాను అని కృష్ణుడు చెబుతాడు. పువ్వును కూడా ఆరగిస్తానన్నాడంటే ఆ ఆరగింపు మన నోటితో తినడం వంటిది కాదని అక్కడే తెలుస్తున్నది. పదార్థంలోని సారాన్ని, ఇచ్చినవాడి భావాన్ని స్వామి గ్రహించి, స్థూలరూపాన్ని మనకు వదిలిపెడతాడని పెద్దలు వివరిస్తారు.

మంగళగిరి కొండ మీద పానకాల నరసింహస్వామి నోటిలో పానకం పోస్తే సగం స్వామి స్వీకరించి, సగం తిరిగి ప్రసాదంగా ఇస్తాడని భక్తుల నమ్మకం. ఆ గుడిలో కంటికి కనబడే ఈ పంపకమే మన ఇంటి పీట ముందు కనబడకుండా జరుగుతుందని మా ఇంట్లో పిల్లలకు చెబుతాము. అదే గీతలో మూడో అధ్యాయం 13వ శ్లోకం, యజ్ఞంలో మిగిలినదాన్ని తినేవారు పాపాల నుండి విడివడతారని, తమ కోసమే వండుకునేవారు పాపాన్నే తింటారని చెబుతుంది. ఋగ్వేదంలో "కేవలాఘో భవతి కేవలాదీ" అన్న మాట ఇంకా పాతది: ఒంటరిగా తినేవాడు ఒంటరిగా పాపం మూటగట్టుకుంటాడు. నివేదన ఎందుకన్న ప్రశ్నకు నాకు దొరికిన గట్టి సమాధానం ఇదే. మన వంటలో మొదటి వంతు మనది కాదని రోజూ ఒకసారి చేత్తో చేసి గుర్తు చేసుకోవడం నివేదన.

ఇంట్లో నివేదన ఎలా చేయాలి? మంత్రాలు రాకపోతే ఎలా?

షోడశోపచార పూజలో ధూపం, దీపం అయిన తరువాత నైవేద్యం వస్తుంది. దేవుని ముందు నేల మీద గాని, పీట మీద గాని నీటితో చతురస్రంగా మండలం గీసి, దాని మీద నైవేద్యపాత్ర పెట్టి మూత తీస్తారు. గాయత్రీ మంత్రంతో నీళ్ళు చిలకరించి, పగలైతే "సత్యం త్వర్తేన పరిషించామి" అని, రాత్రి అయితే "ఋతం త్వా సత్యేన పరిషించామి" అని పాత్ర చుట్టూ నీరు తిప్పుతారు. "అమృతమస్తు, అమృతోపస్తరణమసి" అని ఉద్ధరిణెతో నీరు వదిలి, "ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా" అంటూ కుడిచేతితో స్వామికి చూపుతారు. "మధ్యే మధ్యే పానీయం సమర్పయామి" అని మంచినీళ్ళు, "అమృతాపిధానమసి" అని ఉత్తరాపోశనం ఇచ్చి, చేతులూ కాళ్ళూ కడుగుకోవడానికీ ఆచమనానికీ నీళ్ళిచ్చి, చివర తాంబూలం సమర్పిస్తారు.

ఈ వరుసను నెమ్మదిగా చూస్తే, ఇంటికి వచ్చిన పెద్దమనిషికి విస్తరి వేసి భోజనం పెట్టే మర్యాదే ఇందులో అడుగడుగునా కనబడుతుంది. మనం అన్నానికి కూర్చున్నప్పుడు చేసే పరిషేచనం, ప్రాణాహుతులు కూడా ఇవే. మంత్రాలు నోటికి రానివారు ఆ మర్యాదను పట్టుకుంటే చాలు. శుభ్రమైన చోట పెట్టి, మూత తీసి, చుట్టూ నీళ్ళు తిప్పి, "స్వామీ, ఆరగించు" అని దణ్ణం పెట్టి, ఒక్క నిమిషం నిశ్శబ్దంగా నిలబడితే అది నివేదనే. భోజనం చేస్తున్నవారి ముందు విస్తరి లాగివేయము కదా. అందుకే హడావిడిగా గిన్నె తీసేయకుండా ఆ కాస్సేపు ఆగాలి.

వండేటప్పుడు రుచి చూడకూడదంటారు. ఉప్పు తగ్గితే?

నివేదనకు ముందు రుచి చూడకూడదన్న నియమాన్ని తెలుగు ఇళ్ళలో దాదాపు అందరూ పాటిస్తారు. మనం రుచి చూసినది ఎంగిలి అవుతుంది. అందుకే నైవేద్యం వంటలకు కొలతలు ఖాయంగా ఉంటాయి. ఉప్పు సందేహంగా ఉంటే కొంచెం తగ్గించే వేయండి. నివేదన తరువాత సరిచేసి పంచవచ్చు. పులిహోరలో ఉప్పు తక్కువైందని నొచ్చుకుని మళ్ళీ వండనవసరం లేదు.

వంటంతా చేసి అలిసినవారికి ఇంకొక మాట. మొత్తం వంటను దేవుని ముందుకు మోసుకురానక్కరలేదు. ఒక గిన్నెలోకి విడిగా తీసి నివేదించి, ఆ తరువాత దానిని అసలు వంటలో కలిపేస్తే అంతా ప్రసాదమే అవుతుందని చాలా ఇళ్ళలో పాటిస్తారు.

రోజూ వండి పెట్టే వీలు లేదు. పండుతో సరిపోతుందా?

సరిపోతుంది. అరటిపండు, పటికబెల్లం, బెల్లం ముక్క, పాలు, నానబెట్టిన పెసరపప్పు, ఏదైనా చాలు. కుచేలుడు పట్టుకెళ్ళినవి చెంగున కట్టిన అటుకులే. "భక్తి కలుగు కూడు పట్టెడైన చాలు" అని వేమన అన్న మాట ఊరికే సామెతగా నిలవలేదు. అసలు మన ఇంట్లో ఆ పూట వండిన అన్నం, పప్పు, నెయ్యినే ముందుగా దేవునికి చూపి తరువాత తినడమనే పద్ధతి అన్నిటికన్నా మంచిదని నా అభిప్రాయం. ఆ రోజు వండినదంతా ప్రసాదమవుతుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన వంటలను మాత్రం సాధారణంగా నివేదించరు.

బయట కొన్న స్వీట్లు పెట్టవచ్చా అని కూడా అడుగుతారు. వీలుకాని రోజున దుకాణం నుండి తెచ్చిన మిఠాయి కంటే పండు మేలంటాను. కాని పెట్టెడు లడ్డూలు కొని తెచ్చి పెట్టి అందరికీ పంచినవారిని తప్పుపట్టేవాళ్ళలో నేను లేను.

ఏ పండుగకు ఏ నైవేద్యం పెట్టాలి?

వినాయక చవితికి ఉండ్రాళ్ళు, కుడుములు. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి. వరలక్ష్మీ వ్రతానికి పూర్ణం బూరెలు. ధనుర్మాసం తెల్లవారుజామున కట్టెపొంగలి, దద్దోజనం. ఇవి చాలామందికి తెలిసినవే కనుక వాటిని వివరించను. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిది రోజులకు ఉన్న నైవేద్యాల వరుస గురించి మాత్రం కొంచెం చెప్పాలి, ఎందుకంటే నివేదించడం కంటే పంచుకోవడమే దానిలో ముందుంటుంది.

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు బతుకమ్మ, నానబియ్యం బతుకమ్మ, అట్ల బతుకమ్మ అని రోజుల పేర్లే నైవేద్యాల పేర్లుగా సాగుతాయి. ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం ఉండదు. అమ్మ అలిగింది కనుక తినదు, అలిగిన మనిషి ఎదుట పళ్ళెం పెట్టనట్టే అమ్మకూ పెట్టరు. ఏడో రోజు పిండితో వేపకాయల ఆకారంలో చేసినవి, ఎనిమిదో రోజు వెన్నముద్దలు, చివరి రోజు సద్దులు. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది కట్టుకుని, రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేసుకుని చెరువుగట్టుకు వెళతారు. బతుకమ్మను నీళ్ళలో సాగనంపిన తరువాత అక్కడే కూర్చుని ఒకరి సద్ది ఒకరికి పెట్టుకుంటారు. ఏ ఇంటి గిన్నె ఏ ఇంటిదో ఆ పూట ఎవరూ చూడరు. గుడి గాని, గంట గాని లేని ఆ గట్టు మీద ప్రసాదం అంటే ఏమిటో నాకు చాలాసార్లు తేటగా అర్థమైంది.

బోనాల పండుగలో కూడా ఇదే భావం. బోనం అంటే భోజనమే. ఆషాఢంలో పసుపు రాసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టిన కుండలో అమ్మకు అన్నం తీసుకువెళ్ళి, నివేదించి, మిగిలినదానిని ఇంటికి తెచ్చుకుని చుట్టపక్కాలతో కలిసి తింటారు. గ్రామదేవతలకు మాంసాహారాన్ని నివేదించే కుటుంబాలలో కూడా ఆ వంటను ఇంటివారే తిని ఊరుకోరు. బంధువులను పిలిచి పెట్టడం అందులో భాగమే. నైవేద్యం ఏమిటన్నది కులాచారాన్ని, ఊరి ఆచారాన్ని బట్టి మారుతుంది. పంచడం మాత్రం ఎక్కడా మారదు.

ప్రసాదం ముందుగా ఎవరికి ఇవ్వాలి? పనివారికి ఎప్పుడు ఇవ్వాలి?

పూజ చేసినవారు తీర్థప్రసాదాలు తీసుకుని, పెద్దలకు, అతిథులకు, పిల్లలకు ఇవ్వడం మామూలు వరుస. పిల్లలు ఆకలితో ఉంటే వారికి ముందు ఇచ్చినా దోషం లేదు. కాని ఈ ప్రశ్నలోని రెండో సగం గురించే ఎక్కువగా చెప్పదలచుకున్నాను.

మన ఇళ్ళలో పూజ జరిగిన రోజున గిన్నెలు తోమే ఆమె సాయంకాలం దాకా పని చేసి వెళుతుంది. కింద వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. కారు నడిపే అతను బయట కూర్చుని ఉంటాడు. అందరూ తిన్న తరువాత, గిన్నెలు ఖాళీ చేసే వేళకు, అడుగున మిగిలినది ఒక కవరులో వేసి వారికి ఇవ్వడం చాలా చోట్ల అలవాటుగా మారింది. ఆ అలవాటు తప్పు. మిగిలిపోయిన వంటను ఇవ్వడం వేరు, ప్రసాదం ఇవ్వడం వేరు. ప్రసాదానికి మొదటి వంతు, చివరి వంతు అని ఉండవు. నివేదన అయిన క్షణాన గిన్నెలోనిది అంతా ఒకటే. అతిథి పళ్ళెంలో పెట్టిన బూరె ఏ పళ్ళెంలో నుండి తీశామో, పనిలో సాయం చేసే ఆమెకూ అదే పళ్ళెంలో నుండి, అదే వేళకు, చేతికి ఇచ్చి, "ప్రసాదం తీసుకోండి" అని చెప్పి ఇవ్వాలి.

సత్యనారాయణ వ్రత కథ చెప్పుకునేవారికి ఇది కొత్త మాట కాకూడదు. కట్టెలు అమ్ముకునే ఒక మనిషి దాహం వేసి బ్రాహ్మణుని ఇంటికి వస్తే, ఆ ఇంట జరుగుతున్న వ్రతాన్ని చూసి, అదేమిటని అడిగి, నీళ్ళు తాగి ప్రసాదం తిని వెళతాడు. ఆ ఇంటివారు అతనిని ఎవరివని అడగలేదు. అదే కథ చివరి అధ్యాయంలో తుంగధ్వజుడనే రాజు, అడవిలో గోపకులు వ్రతం చేసి తెచ్చి ముందు పెట్టిన ప్రసాదాన్ని గర్వంతో తీసుకోకుండా వెళ్ళి సర్వస్వం పోగొట్టుకుంటాడు. తిరిగి వచ్చి వారితో కలిసి పూజ చేసి ప్రసాదం తీసుకున్న తరువాతే అతనికి అన్నీ దక్కుతాయి. వచ్చినవాడు ఎవరైనా ఇవ్వడం ఒక ఎత్తు, ఇచ్చేవారు ఎవరైనా తీసుకోవడం ఇంకొక ఎత్తు. కథలో రెండూ ఉన్నాయి. మొదటి దానిని మనం ఎంతో కొంత పాటిస్తాము. రెండవది పరీక్ష. మన ఇంట్లో పనిచేసే ఆమె తన ఇంట్లో పూజ చేసుకుని, మరునాడు పొట్లం కట్టి తెచ్చిన ప్రసాదాన్ని ఆమె ఎదుటే కళ్ళకద్దుకుని తినగలిగితేనే మనకు ఆ కథ వచ్చినట్టు. పూరీ జగన్నాథుని మహాప్రసాదం విషయంలో కులభేదం పాటించరాదన్న ఆచారం తరతరాలుగా ఉంది. అక్కడ చెల్లినది మన వంటింటి గుమ్మం దగ్గర చెల్లదని అనుకోవడానికి కారణం కనబడదు.

వాయనం కూడా ప్రసాదమేనా?

వాయనం పంచే పద్ధతులలో ఒకటి. దానికి ప్రత్యేక మర్యాద ఉంది. వ్రతం చేసుకున్నామె ముత్తైదువను కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొంగు చాటున వాయనం పట్టుకుని "ఇస్తినమ్మ వాయనం" అంటే, తీసుకునే ఆమె "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది. ఎదురుగా ఉన్న ముత్తైదువను అమ్మవారిగానే భావించి ఇస్తారు కనుక ఇక్కడ ఇవ్వడమే నివేదన కూడా అవుతుంది. అట్లతద్దికి పదకొండు అట్లు, ఇతర నోములకు వాటి వాటి లెక్కలు ఉంటాయి. పేరంటానికి పిలవడంలో భర్త లేని స్త్రీలను పక్కన పెట్టే పద్ధతి చాలా ఇళ్ళలో ఇంకా ఉంది. వాయనం సంగతి ఎలా ఉన్నా, ప్రసాదం మాత్రం ఇంట్లో ఉన్న ప్రతి స్త్రీకీ అందాలి. ఆ రోజు ఇంటి పెద్దామె గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే పూజ ఎంత ఘనంగా జరిగినా అది నాకు వెలితిగానే కనబడుతుంది.

ప్రసాదం వద్దనకూడదంటారు. మధుమేహం ఉన్నవారు, ఉపవాసం ఉన్నవారు ఏం చేయాలి?

వద్దనకూడదన్న మాట తృణీకరించకూడదన్న అర్థంలో పుట్టింది. సత్యనారాయణ వ్రత కథలోనే వర్తకుని కూతురు కళావతి, భర్త ఓడ తీరానికి వచ్చిందని విని, ప్రసాదాన్ని వదిలేసి పరుగెత్తగా ఓడ నీటిలో కనబడకుండా పోతుంది. వెనక్కి వచ్చి ప్రసాదం తీసుకున్న తరువాత భర్త కనబడతాడు. అక్కడి తప్పు తొందరలో లెక్కచేయకపోవడం. గోరంత తీసుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంటే తీసుకున్నట్టే. అది కూడా పనికిరాని ఆరోగ్యమైతే చేతితో తాకి, కళ్ళకద్దుకుని, పక్కవారికి ఇవ్వవచ్చు. ఉపవాసం ఉన్నవారు దాచుకుని, ఉపవాసం విడిచే పారణ వేళ తీసుకోవచ్చు.

ఇచ్చేవారికి కూడా బాధ్యత ఉంది. "దేవుడి ప్రసాదం, ఏమీ కాదు" అని పెద్దవయసువారి చేతిలో రెండు గరిటెల చక్కెరపొంగలి పెట్టి బలవంతం చేయకండి. జీడిపప్పు, వేరుశనగ పడనివారు ఉంటారు; అడిగి ఇవ్వండి, లేదా వేశామని ముందే చెప్పండి.

ఇతర మతాలవారికి ఇవ్వవచ్చా?

ఇష్టంగా ఇవ్వవచ్చు, అయితే అది దేవునికి నివేదించినదని ముందే చెప్పాలి. ఇతర దేవతలకు పెట్టినది తినకూడదన్న నియమం పాటించే పొరుగువారు ఉంటారు. వారు వద్దంటే మనసులో పెట్టుకోకూడదు. అటువంటివారికి ఇవ్వాలనిపిస్తే, అదే వంటలో కొంత నివేదనకు ముందే విడిగా తీసి పెట్టి, ఆ మాట చెప్పి ఇవ్వండి. చెప్పకుండా తినిపించడం మాత్రం వారి విశ్వాసం పట్ల తప్పు, ప్రసాదం పట్ల కూడా తప్పే.

శివునికి నివేదించినది తినకూడదంటారు, నిజమేనా?

గుడిలో లింగం మీద సమర్పించినది శివుని పరివారంలోని చండేశ్వరుని వంతు అన్న సంప్రదాయం నుండి ఈ మాట వచ్చింది. కాని శివపురాణంలోని విద్యేశ్వర సంహిత దీనికి చాలా మినహాయింపులు చెబుతుంది: బాణలింగం, లోహలింగం, సిద్ధలింగం, స్వయంభూలింగం, అన్ని ప్రతిమలు. వీటి దగ్గర చండేశ్వరునికి అధికారం లేదు. లింగం మీద పెట్టినది తీసుకోరాదని, దానిని తాకకుండా ఎదుట పెట్టినది స్వీకరించవచ్చునని కూడా అందులో ఉంది. ఇంట్లో శివుని పటం ముందు గాని, విగ్రహం ముందు గాని గిన్నెలో పెట్టినది నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఇక వీరశైవులకు గురువు, లింగం, జంగమం, పాదోదకం, ప్రసాదం, విభూతి, రుద్రాక్ష, మంత్రం అనే అష్టావరణాలలో ప్రసాదం ఒకటి. వారి ఇళ్ళలో ఈ ప్రశ్నే పుట్టదు.

మైల, పురుడు, నెలసరి రోజుల్లో?

మైల, పురుడు ఉన్న రోజులలో ఆ ఇంట నివేదన చేయరు. శుద్ధి అయిన తరువాత మళ్ళీ మొదలుపెడతారు. నెలసరి విషయంలో ఆచారాలు ఇంటింటికీ వేరు, పూజ చేయాలా వద్దా అన్నది ఆమె, ఆ కుటుంబం నిర్ణయించుకోవలసినది. అయితే ఆ కారణం చెప్పి ఆమెకు ప్రసాదం పెట్టకుండా, పండుగ పూట వేరే వంట తినమనడం న్యాయం కాదని గట్టిగా అనుకుంటాను.

ప్రసాదం ఎంతసేపు నిలవ ఉంటుంది? చెడిపోతే ఏం చేయాలి?

అన్నంతో చేసిన ప్రసాదాలను రెండు గంటలకు మించి బయట ఉంచకండి, మండే ఎండాకాలంలో గంటే లెక్క. ఉడికించినా చావని ఒక రకం సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి. గోరువెచ్చగా వదిలేసిన అన్నంలో అవి పెరిగి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. చింతపండు, నూనె పట్టిన పులిహోర కొంత ఓర్చుకుంటుంది గాని పాలతో చేసిన పరమాన్నం ఓర్చుకోదు. వెంటనే పంచడమే మేలు. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే పవిత్రత పోదు.

రాగి పాత్రలో మంచినీటి తీర్థం పెట్టుకోవచ్చు. పాలు, పెరుగు, పంచామృతం, పులుపు పదార్థాలు పెట్టకూడదు. పెద్దలు శాస్త్రం పేరుతో చెప్పిన ఈ మాటకు, పులుపుకు రాగి కరిగి పదార్థంలో కలుస్తుందన్న కారణం కూడా ఉంది.

నేల మీద పడిన మెతుకులను తొక్కకుండా ఏరి, పక్షులకో ఆవుకో వేస్తారు. బూజు పట్టిన, పులిసిపోయిన ప్రసాదాన్ని పశువులకు కూడా పెట్టకండి. దానిని మొక్క మొదట్లో మట్టి తీసి పూడ్చండి. చెరువులో, కాలువలో కలపడం భక్తి కిందికి రాదు.

తీర్థంలో కర్పూరం వేయవచ్చా? పసిపిల్లలకు పంచామృతం ఇవ్వవచ్చా?

ఈ రెండింటినీ దయచేసి శ్రద్ధగా చదవండి. తీర్థంలోనూ చక్కెరపొంగలిలోనూ వేసేది పచ్చకర్పూరం, అది కూడా బియ్యపుగింజంత. హారతికి వెలిగించే కర్పూరం బిళ్ళలు వేరు. అవి తినేవి కావు. వాటిని తింటే, ముఖ్యంగా చిన్నపిల్లలకు, ఫిట్స్ వచ్చేంత ప్రమాదం ఉంది. రెండూ తెల్లగా ఉంటాయి, రెండూ పూజగదిలోనే ఉంటాయి. కనుక పచ్చకర్పూరాన్ని వంటింటి డబ్బాలో, హారతి కర్పూరాన్ని పిల్లలకు అందని చోట పెట్టుకోండి.

పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది నిండని పసిబిడ్డకు తేనె చుక్క కూడా నాకించకూడదు; తేనెలో ఉండగల సూక్ష్మజీవుల బీజాలు పసిపేగులలో పెరిగి, నరాలను దెబ్బతీసే విషాన్ని పుట్టించే అవకాశం ఉంది. బిడ్డ నుదుటికి అక్షింతలు తాకిస్తే చాలు.

కొట్టిన కొబ్బరికాయ కుళ్ళితే అపశకునమా?

కాదు. కాయ పాతదని అర్థం. పారేసి, చేయి కడుక్కుని ఇంకొకటి కొట్టండి. వ్రతాల రోజున రెండు కాయలు ఎక్కువ తెచ్చుకోవడం మంచిది.

విదేశాలలో ఉన్నాము. సత్యనారాయణ వ్రతం ప్రసాదానికి అన్నవరంలో దొరికే రుచి రావాలంటే, ఎంత చేయాలి, ఏ రవ్వ వాడాలి?

రత్నగిరి మీద ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదం రుచి ఇంట్లో అచ్చంగా రాదు, దానికి బాధపడకండి. అక్కడి ప్రసాదం ఎర్ర గోధుమనూకతో చేస్తారు. అది దొరకకపోతే మీ ఊరి దుకాణాలలో దొరికే బొంబాయి రవ్వ వాడండి, అది కూడా గోధుమతో చేసినదే. వ్రత కథలోనే అరటిపండ్లు, నెయ్యి, పాలు, గోధుమపిండి చెప్పి, గోధుమపిండి లేకపోతే బియ్యప్పిండి, చక్కెర లేకపోతే బెల్లం అని వీలు చూపారు. కనుక గోధుమ పడనివారు ఉన్న ఇంట బియ్యపు రవ్వతో చేసినా విధి తప్పినట్టు కాదు. కొలత "సపాదం", అంటే ఒకటింపావు. కిలోంపావు చేస్తారా, గ్లాసుంపావు చేస్తారా అన్నది మీ ఇంటికి వచ్చేవారి లెక్కను బట్టి చూసుకోండి.

అపార్టుమెంటులో పొగ అలారం మోగుతుందన్న భయం ఉంటే హారతిని నేతి వత్తితో ఇవ్వవచ్చు. పిలిచినవారు రాలేకపోతే మరునాడు చిన్న డబ్బాలలో పెట్టి వారి ఇళ్ళకు చేరవేయండి. చాలాచోట్ల తెలుగువారు ఇదే చేస్తున్నారు. తిరుమల నుండి ఎవరైనా తెచ్చిన ఒక్క లడ్డూను ఇరవై ముక్కలు చేసి ఇరవై ఇళ్ళకు పంచుకోవడం కూడా అక్కడ మామూలే. డబ్బా మూత మీద తయారుచేసిన తేదీ, అందులో ఏమేమి వేశారో రాసి అంటించండి. జీడిపప్పు పడని పిల్లలున్న ఇంటికి అది లేకుండా ముందే ఒక గిన్నె విడిగా తీసి పెట్టండి.